మూడు సాళ్ళు

"ఏం సదువుతా ఉండావు పాపా?" అనింది దొరసానమ్మ.
"వ్యవసాయ విస్తరణ" అన్నాను.
"ఇస్తరాకులు కుట్టేదానికి కూడా
తిరప్తిలో కాలేజీ పెట్టినారా!"
పక్కనున్న అక్కులప్ప నవ్వలేదు.
ఆయన నిజమనే అనుకున్నాడు.

నేను కొర్లగుంట పిల్లని.
మా నాయన లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తాడు.
మా ఇంట్లో మన్నంటే
రోజూ నాలుగు వందల దుప్పట్ల మీంచి
వదిలించాల్సిన మరక.
ర్యాంకు ఎటు తోస్తే అటు వచ్చి
మూడేళ్ళు మన్ను పేర్లు బట్టీపట్టాను.
నాలుగో ఏడు పాకాల బస్సెక్కించి
గొల్లవంకపల్లెకు పంపించారు,
చేతిలో పద్నాలుగు పేజీల ప్రశ్నావళి,
నెత్తిన కాలేజీ టోపీ.

పుస్తకంలో రైతులు ఐదు రకాలు.
కొత్తదాన్ని ఎగిరి పట్టుకునేవాళ్ళు మొదటి గడి,
వెనకబడినవాళ్ళు ఆఖరి గడి.
అందరినీ కలిపి గంట ఆకారంలో ఒక గీత.
గంట అంచు నేలకానుకునే చోట
ఆ ఆఖరివాళ్ళు.
ఆ గంట నేను బాగా గీస్తాను. ఐదు మార్కులు.

ఎకరా ముప్పై సెంట్లు, చెనిక్కాయ.
విత్తనశుద్ధి చేశారా? లేదు.
మట్టి పరీక్ష? లేదు.
చెప్పిన తేదీకి విత్తారా?
"తేదీ మీ చేతిలో ఉండాది.
వాన ఎవురి చేతిలో ఉండాదో కనుక్కోని రా."
ఆఖరి గడిలో టిక్కు పెట్టి
పేజీ తిప్పాను.

బడి వరండాలో చార్టు తగిలించి
జిప్సం గురించి చెప్పాను.
ఊడలు దిగే వేళ, ఎకరాకు రెండు వందల కిలోలు.
ఏడుగురొచ్చారు. ఇద్దరు టీ తాగి లేచిపోయారు.
దొరసానమ్మ గోడకానుకొని ఆవలించింది.

మర్నాడు పొద్దున్నే చేనుకు రమ్మనింది.
అక్కులప్ప భుజాన ఒకే ఒక్క మూట.
మూడు సాళ్ళకు వేసింది, మూడు వదిలింది.
వేసిన వాటి మొదట్లో పుల్లలు నాటి
పాతచీర అంచు పీలికలు కట్టింది.
మొత్తం వేయకుండా ఇదేందమ్మా అంటే
"నువ్వు చెప్పింది నిజమో కాదో నాకెట్ట తెలిసేది?
మనుసులు మాట మారుస్తారు.
పక్కపక్కన ఉంటే సాళ్ళు మార్చవు."

దీన్ని మేము ఒక సెమిస్టరంతా చదివాం.
అందులో నాకు బ్యాక్‌లాగ్.

ఆ రాత్రి టిక్కు చెరిపాను.
పెన్సిల్ గీత పోయింది, కాగితం మీద గుంట పోలేదు.
మొదటి గడికి పోదు ఆమె, నా మాట నమ్మలేదు గదా.
ఆఖరి గడిలో ఇమడదు.
ఖాళీగా వదిలిన కాగితం చూసి
విజయరాఘవులు సార్ కళ్ళద్దాలు తీశారు:
"ఖాళీ గడి కంప్యూటర్ ఒప్పుకోదమ్మా,
ఏదో ఒకటి పెట్టు."
పెట్టాను. ఏది పెట్టానో ఇక్కడ చెప్పను.

ఊరొదిలే రోజు
స్టీలు తట్టలు మూడున్నా
విస్తరాకులోనే సంగటి పెట్టింది,
చెనిక్కాయల ఊరిబిండి పక్కన.
ఏమీ అనలేదు. కళ్ళు మాత్రం అన్నాయి.
కలుపనుకొని నేను పీకేసిన రెండు చెనిక్కాయ చెట్లను
అక్కులప్ప అప్పుడు గుర్తుచేశాడు.

కార్తీకంలో ఒక పొద్దున
హాస్టల్ మెస్సు వరుసలో ఉంటే ఫోను.
"పీకినాం పాపా. పీలికలు కట్టిన సాళ్ళల్లో
కాయ గట్టిగా ఉండాది, తాలు తక్కువ.
నువ్వు అబద్ధం చెప్పలా."
పెన్ను కోసం తడుముకుంటున్నాను,
వెనక పిల్ల ప్లేటుతో నన్ను పొడుస్తోంది.
"ఉండు, ఇంకోటి.
మూడో సాలు అడివిపందులు తవ్వి తినేసినాయి.
పక్కనే ఉన్న ఉత్త సాలును మూతి పెట్టి కూడా చూళ్ళా.
దాన్ని ఏ గడిలో రాసుకుంటావో
రాసుకో."